అమ్మబోతే అడవి

మా తాతది బెల్లంపల్లి బజారులో సోడా దుకాణం. దుకాణం అంటే పెద్దగా ఏం లేదు. ఒక రేకుల కప్పు, చేత్తో చక్రం తిప్పే సోడా మిషను, గ్యాసు సిలిండరు, గోలి సోడా సీసాలు నిలబెట్టే చెక్క డబ్బాలు. మొదటి షిఫ్టు అయిపోయి బాయి నుంచి వచ్చేవాళ్ళు బొగ్గు మసి మొహాలతోనే సైకిళ్ళు ఆపి, ఒక నిమ్మ సోడా తాగి, అప్పు రాయించి పోయేవాళ్ళు. బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సైకిళ్ళు తగ్గాయి. ప్లాస్టిక్ సీసాలొచ్చాయి. తాత పోయాడు. మిషను పాత ఇనుప సామానులో కలిసింది. ముప్ఫై ఎనిమిది సీసాలు మాత్రం ఎందుకో ఎవరికీ అమ్మబుద్ధి కాక సజ్జ మీద మిగిలాయి.

రెండేళ్ళ కింద వాటిలో పదకొండు సీసాల్ని పాత చీరలో చుట్టి, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్ళో పెట్టుకుని హైదరాబాద్ తెచ్చాను. ఒక ఫంక్షన్ హాల్లో పాత వస్తువుల సేకరణదారులు కలుస్తున్నారని తెలిసింది. (కలెక్టర్లు అని రాద్దామనుకున్నాను. మా ఊళ్ళో ఆ మాటంటే మంచిర్యాల కలెక్టరాఫీసే గుర్తొస్తుంది.) ఎక్కువ భాగం నాణేలు, స్టాంపులు. ఒక మూలన మాత్రం నాలుగైదు బల్లల మీద గాజు. అత్తరు సీసాలు, పేపర్‌వెయిట్లు, ఝూమర్ల నుంచి ఊడొచ్చిన లోలకులు, ఒక ఆకుపచ్చ గిన్నె. ఆ గిన్నె యజమాని నిమిషానికోసారి నల్ల గుడ్డ కప్పి యూవీ టార్చి వేస్తున్నాడు. యురేనియం కలిపిన గాజు ఆ వెలుతురులో మిణుగురు పురుగులా పచ్చగా వెలుగుతుంది. చుట్టూ జనం.

నా సీసాలు చూసినతను మాత్రం టార్చి తీయలేదు. మూతి అంచు చుట్టూ గోరు తిప్పాడు, ఎక్కడన్నా పెచ్చు లేచిందేమోనని. సీసాను తిప్పుతూ అచ్చు అతుకు గీత మూతి దాకా వచ్చిందా, కిందే ఆగిందా చూశాడు. ఊపి గోలి చప్పుడు విన్నాడు. ఆఖరున అడిగాడు, "దీని స్టోరీ ఏంటన్నా?" చెప్పాను. ఒక్కోదానికి రెండు వందల యాభై ఇచ్చాడు. బేరం ఆడలేదు. నాకు బేరం ఆడటం రాదు, అది అతనికి నా చీర మూట విప్పకముందే తెలిసిపోయి ఉంటుంది.

చాయ్ తాగి తిరిగొచ్చేసరికి అందులో ఒక సీసా రెండు బల్లల అవతల ఉంది. దాని ధర తొమ్మిది వందలు. కొనబోయేవాడికి ఆ బల్ల ఆయన చెప్తున్నాడు: సింగరేణి గనుల లోపలికి కార్మికులు తీసుకుపోయిన సీసా ఇది, భూమి కింద వెయ్యి అడుగుల లోతులో తాగిన సోడా. మా తాత జన్మలో బాయి దిగలేదు. గాజు సీసా బాయి లోపలికి ఎవడు తీసుకుపోతాడు?

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఆ సామెతను నేను రైతుల బాధగానే విన్నాను ఇన్నాళ్ళూ. ఆ పూట అది నా మీదికే వచ్చి పడింది. కోపం వచ్చిందని చెప్పను. సిగ్గు వేసింది. మోసపోయినందుకు కాదు. కథ చెప్పి ధర పెంచడం అనే పని నాకూ వచ్చు, నేనూ వ్యాసాలు రాస్తాను, కానీ అక్కడ ఆ పని నాకంటే బాగా చేసినవాడు ఉన్నాడని. తిరుగు రైల్లో కూచుని, నేను చదివిన పుస్తకాల్లో పాత వస్తువులు అమ్మేవాళ్ళు ఎలా ఉన్నారా అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ ఆలోచనే.

మొదట గుర్తొచ్చింది కిప్లింగ్ 'కిమ్' (1901) నవలలో లర్గాన్ సాహెబ్. సిమ్లాలో రత్నాలు, వింత వస్తువులు అమ్మే దుకాణదారు. కుర్రాడు కిమ్ అతని దగ్గర కొన్నాళ్ళుంటాడు. పళ్ళెంలో రాళ్ళు చూపించి కప్పేస్తే ఏమేం ఉన్నాయో ఒప్పజెప్పే ఆట నేర్చుకుంటాడు. పైకి వ్యాపారి, లోపల బ్రిటిష్ గూఢచారి వ్యవస్థలో ఒక గురువు. ఈ లర్గాన్ ఊహలోంచి పుట్టినవాడు కాదు. సిమ్లాలో నిజంగానే దుకాణం నడిపిన అలెగ్జాండర్ మాల్కం జాకబ్ అతనికి మూలం. ఆ జాకబ్‌ని ముంచింది మన హైదరాబాదే.

కథ తెలిసిందే, కానీ అమ్మేవాడి వైపు నుంచి ఎవరూ చెప్పరు. 1891లో జాకబ్ ఒక పెద్ద వజ్రాన్ని ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి అమ్మజూపాడు. మాట 46 లక్షలకు కుదిరింది, 23 లక్షలు ముందుగా చేతులు మారాయి. తర్వాత నిజాం వద్దన్నాడు. డబ్బు తిరిగి రాలేదు. వ్యవహారం కలకత్తా కోర్టుకెక్కింది. జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు గానీ వ్యాపారం మళ్ళీ లేవలేదు. రాజుతో కోర్టుకెళ్ళిన వ్యాపారి దగ్గర ఏ రాజు కొంటాడు? 1921లో బొంబాయిలో పేదరికంలో చనిపోయాడు. వజ్రం నిజాం దగ్గరే ఉండిపోయింది. తండ్రి చెప్పుల్లో అది దొరికిందనీ, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దాన్ని కాగితాల మీద బరువుగా వాడాడనీ చెప్పుకుంటారు. అంటే హైదరాబాద్‌లోకెల్లా పేరున్న పేపర్‌వెయిట్ గాజుది కాదు, 184.75 క్యారట్ల వజ్రం. 1995లో మిగతా నిజాం నగలతో పాటు భారత ప్రభుత్వం దాన్ని కొన్నది. కొన్నవాళ్ళ పేర్లన్నీ చరిత్రలో ఉన్నాయి. అమ్మినవాడి పేరు వజ్రానికి అతుక్కుని మిగిలింది, జాకబ్ వజ్రం అని. మనిషిని మాత్రం గూఢచారిని చేసి నవల్లో పెట్టారు.

రెండోవాడు ఆర్వెల్ 'నైన్‌టీన్ ఎయిటీ-ఫోర్'లో చారింగ్‌టన్. ఇక్కడ వస్తువు అచ్చంగా గాజే. లోపల పగడం ముక్క ఉన్న పాత పేపర్‌వెయిట్. విన్‌స్టన్ దాన్ని నాలుగు డాలర్లకు కొంటాడు. ముసలాయన ఇంకా తక్కువకే ఇచ్చేవాడని అతనికే అర్థమవుతుంది. ఈ చిన్న వివరం మీద ఎవరూ ఆగరు. విమర్శకులంతా గాజు లోపలి పగడాన్ని పట్టుకున్నారు. అది గతం, అది స్వేచ్ఛ, అది ప్రేమికుల గది అంటూ. నాకు మాత్రం బేరం ఆడని ముసలాయన అనుమానంగా కనిపించాడు. అనుమానం నిజమే అవుతుంది, చారింగ్‌టన్ పోలీసు మనిషి. అరెస్టు రోజు పేపర్‌వెయిట్ పగులుతుంది. లోపలి పగడం ఎంత చిన్నదో అప్పుడు తెలుస్తుంది. గాజు దాన్ని పెద్దది చేసి చూపించింది. ముక్కలు ఏరమని గద్దించేది కూడా అమ్మినవాడే.

ఇంగ్లీషు సాహిత్యంలో నాకు బాగా గుర్తున్న ఇద్దరు పాత వస్తువుల వ్యాపారులూ వేగులవాళ్ళే. ఇది కాకతాళీయం అనుకోను. కొనేవాడికి ఇష్టం ఉంటుంది, అభిరుచి ఉంటుంది, గుండె ఉంటుంది. అమ్మేవాడికి మాత్రం ఏదో రహస్యం ఉండాలి. ఇష్టపడ్డ వస్తువుని చేతులారా ఇచ్చేసేవాడు మనిషెలా అవుతాడని రచయితల లోపలి అనుమానం. అప్పు తీర్చడానికి, పిల్ల ఫీజు కట్టడానికి, సజ్జ ఖాళీ చేయడానికి కూడా మనుషులు అమ్ముకుంటారన్నది వాళ్ళకు తట్టలేదు.

బ్రూస్ చాట్విన్‌కి తట్టి ఉండాలి. ఆయన 1958లో సోదబీస్ వేలం సంస్థలో చిన్న ఉద్యోగిగా చేరి పైకి ఎదిగి 1966లో మానేసినవాడు. అమ్మకం లోపలి పేగులన్నీ చూసినవాడు. 1988లో 'ఉట్జ్' రాశాడు. ప్రాగ్ నగరంలో, కమ్యూనిస్టు ప్రభుత్వం కింద, రెండు గదుల ఇంట్లో మైసెన్ పింగాణీ బొమ్మల్ని కాపాడుకునే కాస్పర్ ఉట్జ్ కథ. చచ్చాక సేకరణ మ్యూజియానికి పోవాలన్న షరతు మీద ప్రభుత్వం అతన్ని ఉండనిస్తుంది. ఉట్జ్‌కి మ్యూజియాలంటే పడదు. అద్దాల బీరువాలో పెట్టిన వస్తువు చేతి స్పర్శ లేక చస్తుందంటాడు. ఈ నవల నాకు చాలా ఇష్టం, నూటయాభై పేజీల్లో ఇంత సరుకున్న నవలలు తక్కువ. కానీ చివర దగ్గర నాకు పేచీ. ఉట్జ్ చచ్చాక అరలు ఖాళీ. బొమ్మలన్నీ పగలగొట్టి చెత్తబండిలో వేశారేమోనని కథకుడు ఊహిస్తాడు. చాలా అందమైన ముగింపు. వేలం హాల్లో ఎనిమిదేళ్ళు పనిచేసిన మనిషి, వస్తువు పోయే దారుల్లో అన్నిటికంటే మామూలుదాన్ని, అంటే అమ్మకాన్ని, పక్కన పెట్టేసి విధ్వంసాన్ని ఎంచుకున్నాడు. పగిలిపోతే గౌరవం, అమ్ముడుపోతే అవమానం అన్నట్టు.

నిజ జీవితం అంత అందంగా లేదు. ఉట్జ్‌కి నమూనా అయిన రుడాల్ఫ్ యుస్ట్ అనే ప్రాగ్ సేకరణదారు వస్తువులు, అందులో పింగాణీతో పాటు గాజు కూడా ఉంది, పగల్లేదు. బ్రాటిస్లావాలో కుటుంబం దగ్గర బయటపడ్డాయి. 2001లో లండన్‌లో అమ్మకానికొచ్చాయి. వేలం వేసింది ఎవరనుకున్నారు? సోదబీసే. చాట్విన్ అప్పటికి పన్నెండేళ్ళ కిందటే చనిపోయాడు, లేకపోతే తన ముగింపుని తన పాత ఆఫీసే దిద్దడం చూసేవాడు.

సరే, అమ్మేవాడు వేగు కాదు, దొంగ కాదు. మరి ఎవరు? గాజు సేకరణదారులు కలిసే చోట్ల జవాబు తేలిగ్గా దొరుకుతుంది. అక్కడ కొనేవాడూ అమ్మేవాడూ ఒకడే. అమెరికాలో గోలీల సేకరణదారులు ఏటా హోటళ్ళలో కలుస్తారు. అసలు ప్రదర్శనకు ముందు రెండు మూడు రాత్రులు గది గదికీ తిరుగుతూ బేరాలు చేసుకుంటారు. మంచం మీద దుప్పటి పరిచి గోలీలు పేరుస్తారు, తలుపు తెరిచి పెడతారు. ఈ గదిలో అమ్మి ఆ గదిలో కొంటారు. మనం గోటీలాటలో గెలిచి ఓడినట్టే, కాకపోతే డబ్బుతో. వాళ్ళు మొదట చూసేది గోలీ మీద చిన్న మచ్చ. గాజు కడ్డీ నుంచి కత్తిరించిన చోట మిగిలే మచ్చ. అదుంటే చేత్తో చేసింది. జర్మనీలో లౌషా ఊళ్ళో 1846లో గోలీలు కత్తిరించే కత్తెర పుట్టింది, అక్కడివి అట్లాంటి మచ్చ ఉన్నవి. తర్వాత అమెరికాలో మిషన్లొచ్చాయి, మచ్చ పోయింది, ధర పడిపోయింది. మనిషి చెయ్యి వదిలిన లోపమే అక్కడ విలువ.

ఈ సంతల్లో మోసం లేదని కాదు. ఎమిల్ గాలే పేరుతో వచ్చే ఫ్రెంచి గాజు కూజాల సంగతి చూడండి. ఆయన 1904లో పోయాక కార్ఖానా కొంతకాలం సంతకం పక్కన ఒక చిన్న నక్షత్రం చెక్కింది. యజమాని లేడని చెప్పే గుర్తు. ఎంత నిజాయితీ! తర్వాతి కాలంలో రొమేనియాలో అదే పద్ధతిలో చేసి, గాలే పేరు పక్కన 'టిప్' అని, అంటే ఆ తరహాది అని, చెక్కి అమ్మారు. అది కూడా నిజాయితీయే. మధ్యలో ఎవరో ఆ 'టిప్' ఒక్కటీ అరగదీస్తారు. మిగిలింది గాలే. నా సీసా మీద రెండు బల్లల దూరంలో జరిగిందీ ఇదే. సోడా దుకాణం అన్న ముక్క అరగదీశారు, సింగరేణి మిగిలింది.

ఇందులో నేనూ ఉన్నాను. మన వెబ్ పత్రికల్లో గోలి సోడా మీద, ఇరానీ చాయ్ మీద, రేడియో మీద ఏడాదికి ఎన్ని వ్యాసాలొస్తాయో లెక్క లేదు, నేనే రెండు రాశాను. వాటిలో సోడా ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. మిషను డబ్బాలో సీసా పేలి తాత మోచేతికి పడ్డ ఏడు కుట్లు ఉండవు. అప్పు పద్దు ఉండదు. ఆ బల్ల ఆయన చేసిన పనికీ నా పనికీ తేడా, అతను ధర చీటీ అంటించాడు.

కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళే కాక మూడోవాడు ఒకడుంటాడు కదా, గాజుని ఊదినవాడు. వాడిని చూసిన నవల నాకు ఒక్కటే కనిపించింది. పీటర్ కేరీ 'ఆస్కర్ అండ్ లూసిండా'. విచిత్రం ఏంటంటే అది కూడా 1988దే, 'ఉట్జ్'తో పాటు బుకర్ తుది జాబితాలో ఉండి బహుమతి గెలిచింది. లూసిండా సిడ్నీలో ఒక గాజు కార్ఖానా కొంటుంది. ఆమెను గాజు వైపు లాగింది ప్రిన్స్ రూపర్ట్ చుక్క. కరిగిన గాజుని నీళ్ళలో వదిలితే తోకతో గడ్డకట్టే బొట్టు. తల మీద సుత్తితో కొట్టినా పగలదు, తోక చిదిమితే మొత్తం పొడైపోతుంది. కార్ఖానా ఆమెదే, కానీ కొలిమి దగ్గర మగవాళ్ళు ఆమె నిలబడితే ఇబ్బంది పడతారు. యజమాని, పనివాళ్ళ మధ్య ఆ ఎడం కేరీ దాచడు. చివర గాజు చర్చి పడవ మీద నదిలో మునుగుతుంది. చాట్విన్ ముగింపులాగే ఇదీ విధ్వంసమే. అయితే ఇక్కడ నష్టం ఎవరి ఖాతాలో పడిందో తెలుస్తుంది. పందెంలో ఆస్తంతా పోగొట్టుకున్న లూసిండా ఆ తర్వాత కార్మికుల పక్షాన పేరు తెచ్చుకుంటుంది.

తెలుగులో ఈ మూడో మనిషిని వెతకడం ఇంకా తేలికవ్వాలి. ఎందుకంటే మనకు గాజు అన్నా చేతి గాజు అన్నా ఒకటే మాట. సాలార్‌జంగ్ మ్యూజియంలో గాజు గదికి వెళ్ళండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) పోగేసినవాటిలో వెనిస్, ఫ్రాన్స్, ఐర్లండ్, బొహీమియా గాజు ఉంది. జనమంతా గంట కొట్టే గడియారం ముందు ఉంటారు కాబట్టి ఆ గది ప్రశాంతంగా ఉంటుంది. అదే బొహీమియా ఒకప్పుడు గాజుల్ని ఓడలకెత్తి మన దేశానికి పంపింది, మలారం మోసే గాజులామె దాకా ఆ సరుకు వచ్చింది. దివాన్ దేవిడీలో కూజా, బజారులో చేతి గాజు, రెండూ ఒకే దేశపు కొలిముల్లోవి. ఒకటి చిట్లకుండా బీరువాలో ఉంది. రెండోది చిట్లింది. (మా అమ్మ 'పగిలింది' అననిచ్చేది కాదు.) చిట్లినవాటికి మ్యూజియం ఉండదు. తర్వాత ఫిరోజాబాద్ వచ్చింది. అక్కడి కొలుములు బొగ్గు మీద నడిచాయి, తాజ్‌మహల్ రంగు మారుతోందని 1996లో సుప్రీంకోర్టు బొగ్గు మానమనే దాకా. ఇసుక గాజు కావాలంటే ఎవరో బొగ్గు తవ్వాలి. అల్లం రాజయ్య పుట్టిన ఊరి పేరు గాజులపల్లి. ఆయన రాసిందేమో బాయి మనుషుల గురించి. ఆ రెండు మాటల మధ్య రాయాల్సిన కథ ఒకటి ఉందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

బొగ్గుకీ గాజుకీ ఇంకో సంబంధం బాయి దీపం. డేవీ 1815లో చేసిన దీపానికి మంట చుట్టూ సన్నని తీగ జాలీయే. వెలుతురు చాలలేదు. క్లానీ తరహా దీపాల్లో మంట చుట్టూ గాజు గొట్టం వచ్చింది. గ్యాసు ఉందో లేదో మంట మీద లేచే నీలి టోపీని ఆ గాజులోంచే చూసేవారు. షిఫ్టు మొదట్లో దీపం తీసుకోవాలి, దిగగానే ల్యాంప్ రూములో అప్పజెప్పాలి. అప్పజెప్పని దీపం అంటే మనిషి పైకి రాలేదని. ఇప్పుడు ఇత్తడి బాయి దీపాలు పాత సామాను దుకాణాల్లో వరసగా వేలాడతాయి. చాలావరకు నకళ్ళే, ఏ బాయీ దిగనివి. గొట్టం కొత్త గాజు, ఇత్తడికి మాత్రం పాత రంగు. ఎవరో ఇంటి గుమ్మంలో వేలాడదీసుకుంటారు. తప్పని అనను. అందమైన వస్తువే. కానీ దాన్ని అమ్మేవాడు చెప్పే కథలో ల్యాంప్ రూము ఉండదు, లెక్క సరిపోని రాత్రి ఉండదు.

గోలి సోడా సీసా దగ్గరికే మళ్ళీ వస్తాను. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంటు తీసుకున్న సీసా ఇది. లోపలి గ్యాసే గోలీని పైకి తోసి రబ్బరు చుట్టుకి అదిమి మూత వేస్తుంది. ఇంగ్లండులో పిల్లలు గోలీ కోసం సీసాలు పగలగొట్టేశారు కాబట్టే అక్కడ పాతవి అరుదయ్యాయి, అరుదయ్యాయి కాబట్టే పాత చెత్తగుంటలు తవ్వి మరీ సేకరిస్తున్నారు. నీలి గాజు సీసా అయితే ఇక చెప్పక్కర్లేదు. నావి మామూలు లేత ఆకుపచ్చవి. సీసా పగలగొట్టి గోలీ తీస్తే ఆ గోలీకి గోలీల సంతలో పైసా రాదు, మచ్చ లేదు, రంగు లేదు. గోలీ పోయిన సీసాని సీసాల వాళ్ళు కొనరు. చిన్నప్పుడు మేం పగిలిన సీసాల గోటీల కోసం తాత దుకాణం వెనక కొట్టుకునేవాళ్ళం. ఆడటానికి అవి మహా బాగుండేవి. బరువు సరిగ్గా ఉండేది.

ఫంక్షన్ హాల్ మనిషి పోయిన నెల ఫోన్ చేశాడు. మిగతా ఇరవై ఏడూ కావాలట, ఈసారి ఒక్కోటి నాలుగు వందలు. డబ్బా కూడా ఉంటే, దాని మీద దుకాణం పేరు కనిపిస్తుంటే, ఇంకా ఎక్కువట. డబ్బా మీద పేరు ఉంది. తాతే రంగుతో రాయించాడు, ఒక అక్షరం తప్పుతో. నేను ఇంటికి ఫోన్ చేసి చెబితే చిన్నాన్న, "అమ్ముతే అన్నీ అమ్మురా, లేకుంటే అన్నీ నువ్వే కొంటపో. సజ్జ కురుస్తున్నది, వానకాలం లోపట స్లాబ్ చేపియ్యాలె," అన్నాడు. స్లాబుకి ఎంతవుతుందని అడిగాను. ఎనభై వేలట. సీసాల లెక్క వేసి చూస్తే పదివేల ఎనిమిది వందలు.